'షై' అనడానికి హిందీలో ఏ మాట: శర్మీలా, సంకోచీ, ఝిఝక్, ఝేంప్?

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మీటింగ్ అయిపోయాక మా మేనేజర్ నన్ను ఆపి, మీటింగుల్లో అసలు నోరు విప్పవేంటని హిందీలో అడిగారు. కొత్తవాళ్ల ముందు మాట్లాడాలంటే నాకు బిడియం. అదే చెప్దామనుకున్నాను. ముందు ఇంగ్లీషులో 'షై' అనే మాట మెదిలింది, దానికి హిందీ వెతుక్కుంటే 'శర్మ్' తట్టింది, ఇక ఆలోచించకుండా "మైఁ శర్మిందా హూఁ" అనేశాను. ఆవిడ మొహం మారిపోయింది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, గొంతు బాగా తగ్గించి, "క్యోఁ, క్యా హో గయా?" అని అడిగారు. నేను అన్నదానికి హిందీలో అర్థం "చేసిన పనికి సిగ్గుపడుతున్నాను, తల దించుకుంటున్నాను" అని. ఏదో తప్పు చేసి ఒప్పుకోవడానికి వచ్చాననుకున్నారు ఆవిడ.

నేను హిందీ నేర్చుకుంది దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు కట్టి. 1918లో మొదలైన సభ అది. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష అంటూ ఒక్కొక్కటే రాసుకుంటూ పోయినవాళ్లు ఇది చదివేవాళ్లలో కూడా చాలామంది ఉంటారు. ఆ చదువు వల్లే నాకు లింగం తప్పకుండా వాక్యం కట్టడం వచ్చింది, ఇప్పటికీ ఆ పునాది మీదే నడుస్తోంది. అయితే లజ్జా, శర్మ్, సంకోచ్ మూడింటినీ నేను 'సిగ్గు' అనే ఒక్క మాట కింద పెట్టుకుని గుర్తుంచుకున్నాను. అక్కడే తప్పటడుగు పడింది. ఆ రోజు తర్వాత నుంచి హిందీ మాట్లాడేవాళ్లు ఎక్కడ ఏ మాట వాడుతున్నారో చెవులు రిక్కించి వినడం అలవాటైంది. అలా పోగేసుకున్నదే ఇదంతా.

డిక్షనరీలో 'షై' అని వెతికితే శర్మీలా, లజ్జాలు, సంకోచీ, ఝేంపూ అన్నీ వరసగా కనిపిస్తాయి, ఒకదానికొకటి పర్యాయపదాలన్నట్టు. ఏది తీసుకున్నా సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు. ఒక మాట పసిపిల్లకి నప్పితే పెద్దమనిషికి నప్పదు, ఒకటి ఆ నిమిషానికి చెప్పేదైతే ఇంకొకటి మనిషి మీద జీవితాంతం ఉండిపోయే ముద్ర, ఒకటి మర్యాద, ఇంకొకటి తిట్టుకి పక్కింట్లో ఉంటుంది.

ముందు ఆ ఇంగ్లీషు మాట సంగతి చూద్దాం

'షై' సిగ్గు కోసం పుట్టిన మాట కాదు. పాత ఇంగ్లీషులో దానికి తేలిగ్గా బెదిరిపోయేది అని అర్థం. ఇప్పటికీ, నడుస్తున్న గుర్రం దేన్నో చూసి బెదిరి పక్కకి గెంతితే ఇంగ్లీషులో దాన్ని ఇదే మాటతో, క్రియగా వాడి చెబుతారు. అంటే ఆ మాటలో బెరుకు ఉంది, తప్పు చేశానన్న భావన లేదు. తప్పుకి సంబంధించిన సిగ్గుకి వాళ్లకి 'షేమ్' అని వేరే మాట ఉంది.

మనకేమో రెండూ ఒకే చోట ఉన్నాయి. "సిగ్గుపడుతూ లోపలికి వెళ్లిపోయింది" అన్నా సిగ్గే, "సిగ్గు లేదూ నీకు" అన్నా సిగ్గే. హిందీ శర్మ్ కూడా అచ్చం ఇలాగే. "వహ్ శర్మా గయీ" అంటే సిగ్గుపడింది, వినడానికి ముద్దుగా ఉంటుంది. "తుమ్హేఁ శర్మ్ నహీఁ ఆతీ?" అంటే చెంప ఛెళ్లుమనిపించడమే. కాబట్టి ఇంగ్లీషు నుంచి హిందీకి నేరుగా దూకే బదులు, ఒక్క క్షణం తెలుగులో ఆగి చూసుకోవడం మంచిదని నా సలహా. మీరు చెప్పదలుచుకున్నది సిగ్గా, బిడియమా, మొహమాటమా, జంకా, బెరుకా? తెలుగులో ఇది తేలితే హిందీ మాట సగం దొరికినట్టే, ఎందుకంటే ఈ విషయంలో హిందీ కూడా మనలాగే విడదీసి చూస్తుంది. ఇంగ్లీషు మాట ఒక్కటే అన్నిటినీ కలిపేస్తుంది.

శర్మ్, శర్మానా, శర్మీలా

శర్మ్ పారసీ నుంచి వచ్చిన మాట, స్త్రీలింగం. అందుకే "ముఝే శర్మ్ ఆ రహీ హై" అంటారు, 'ఆ రహా హై' అనరు. దీని చుట్టూ పెద్ద కుటుంబమే ఉంది, అందులో కొందరు మంచివాళ్లు, కొందరితో జాగ్రత్తగా ఉండాలి.

శర్మానా అంటే సిగ్గుపడటం. ఇది నాకు బాగా ఇష్టమైన మాట, ఎందుకంటే ఇది ఆ నిమిషం గురించే చెబుతుంది. ఇంటికొచ్చిన చుట్టాల ముందు పిల్ల తల్లి వెనక్కి వెళ్లి, చీర కుచ్చిళ్లు గుప్పిట్లో పట్టుకుని, ఒక్క కన్ను మాత్రం బయటపెట్టి చూస్తుంటే "శర్మా రహీ హై" అంటారు. అంతే, ఆ నిమిషానికి సిగ్గుపడుతోంది. పది నిమిషాలు పోతే అదే పిల్ల వచ్చిన చుట్టం ఒళ్లో ఎక్కి కళ్లజోడు లాగుతుంది, అప్పుడు ఆ మాట దానంతట అదే రద్దయిపోతుంది. అదే పిల్లని "శర్మీలీ హై" అంటే మాత్రం రద్దవదు. అది స్వభావం మీద వేసిన ముద్ర.

శర్మీలా విశేషణం, ఎదుటి మాటని బట్టి మారుతుంది: అబ్బాయికి శర్మీలా, అమ్మాయికి శర్మీలీ, బహువచనంలో శర్మీలే. "వహ్ శర్మీలే స్వభావ్ కా లడ్కా హై" అనేది రాతలో చాలా మామూలుగా కనిపించే వాక్యం. స్వభావం గురించి, చనువుగా, కాస్త ఆప్యాయంగా చెప్పాలంటే శర్మీలా సరైన మాట. పిల్లల గురించి, కుర్రవాళ్ల గురించి చెప్పడానికి బాగుంటుంది. మనుషుల అలికిడికి దూరంగా మసిలే జంతువులు, పక్షుల గురించి రాసేటప్పుడు కూడా శర్మీలా అనే రాస్తారు. నలభై ఏళ్ల సహోద్యోగి గురించి మాత్రం "వే శర్మీలే హైఁ" అంటే కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది, ఆయన ఇంకా కుర్రాడన్నట్టు. అక్కడ సంకోచీ వాడాలి, దాని సంగతి కింద చెబుతాను.

ఇక నేను జారిపడ్డ శర్మిందా. ఇందులో తప్పు కచ్చితంగా ఉంటుంది, తనదో, తనవాళ్లదో. "అప్నీ గల్తీ పర్ శర్మిందా హూఁ" అంటే "నా పొరపాటుకి సిగ్గుపడుతున్నాను" అని, క్షమాపణ చెప్పేటప్పుడు వాడేది. "ఆప్ ముఝే శర్మిందా కర్ రహే హైఁ" అంటే అతిగా మర్యాద చేస్తే "నన్ను ఇబ్బంది పెడుతున్నారు" అనడం, ఇది మాత్రం మంచి మర్యాద మాటే. బిడియానికి శర్మిందా ఎప్పుడూ పనికిరాదు. ఆసక్తికరమైన సంగతేంటంటే, పాత ఇంగ్లీషు జంతుశాస్త్ర పుస్తకాల్లో స్లో లోరిస్ అనే జంతువుకి హిందీ పేరు 'శర్మిందీ బిల్లీ' అని రాసి ఉంటుంది, సిగ్గరి పిల్లి అన్న అర్థంతో. మన దేవాంగ పిల్లికి చుట్టమే అది. అంటే ఒకప్పుడు ఆ మాట బిడియానికి కూడా నడిచింది. ఇప్పుడు ఆ లోరిస్‌కి తప్ప ఇంకెవరికీ నప్పదు.

శర్మ్‌నాక్ అంటే సిగ్గుచేటు, బేశర్మ్ అంటే సిగ్గులేనివాడు. ఇవి తెలిసినవే. ఒక్క జంట మాత్రం దగ్గరగా చూడండి. "శర్మ్ కరో" అంటే "సిగ్గుపడు, బుద్ధి లేదూ" అని గట్టి చీవాట్లు. "శర్మాఓ మత్" అంటే "సిగ్గుపడకు, పర్లేదు" అని బుజ్జగింపు. "శర్మ్ మత్ కరో" కూడా బుజ్జగింపే. మధ్యలో ఒక్క 'మత్' ఎగిరిపోతే బుజ్జగింపు తిట్టయిపోతుంది. కొత్తగా హిందీ మాట్లాడేవాళ్లకి నేను చెప్పేది, బుజ్జగించాలనుకున్నప్పుడు శర్మ్ జోలికి పోకుండా శర్మానా రూపమే వాడండి, అందులో నోరు జారినా ప్రమాదం లేదు.

సంకోచ్, సంకోచీ

ఇది మనకి తెలిసిన సంస్కృతం మాటే, ముడుచుకోవడం అని అర్థం. సైన్సు పాఠంలో సంకోచ వ్యాకోచాలు చదువుకున్నాం కదా, అదే. వేడికి విప్పారి చలికి ముడుచుకునే వస్తువులా, మనిషి పదిమందిలో లోపలికి ముడుచుకోవడం. నా దృష్టిలో బిడియం అనే తెలుగు మాటకి హిందీలో బాగా దగ్గరగా వచ్చేది ఇదే. ఇందులో తప్పు లేదు, వయసు లేదు, ఎగతాళి లేదు.

పెద్దవాళ్ల గురించి, ఆఫీసులో, ఉత్తరంలో, పరిచయ వాక్యంలో, టీచర్ రాసే రిపోర్టులో, ఎక్కడైనా సరే సంకోచీ వాడితే మీరు తప్పు మాట్లాడినట్టు కాదు. పైగా ఇది లింగాన్ని బట్టి మారదు. "వహ్ సంకోచీ హై" అని అబ్బాయికి, అమ్మాయికి ఒకేలా అనొచ్చు. హిందీలో లింగం దగ్గర తడబడేవాళ్లకి ఇది చిన్న లాభం కాదు. సంకోచ్ అనే నామవాచకం మాత్రం పుల్లింగం: "ముఝే సంకోచ్ హోతా హై", "ముఝే సంకోచ్ హో రహా హై".

లోటు కూడా చెప్పాలి. ఇది కాస్త పుస్తకాల మాట. స్నేహితుల మధ్య వాడితే బిగుసుకున్నట్టు ఉంటుంది, కాలేజీ కుర్రాళ్ల నోట అంతగా వినపడదు. ఇంకొకటి, తెలుగులో సంకోచం అంటే మనకి తటపటాయింపు ఎక్కువ స్ఫురిస్తుంది, "చెప్పాలా వద్దా అని సంకోచించాను" అన్నట్టు. హిందీలో కూడా ఆ వాడుక ఉంది, కానీ సంకోచీ అని మనిషిని అంటే అది స్వభావమే, ఎటూ తేల్చుకోలేనివాడని కాదు. "నిఃసంకోచ్ కహియే" అంటే మన "నిస్సంకోచంగా చెప్పండి" అక్షరాలా అదే.

ఝిఝక్, హిచక్

ఆ రోజు మేనేజర్ గదిలోంచి బయటికి వచ్చాక పక్క సీటులో కూర్చునే అమ్మాయి నాకు చెప్పిన మాట ఇదే. "శర్మిందా నహీఁ, బోలో కి ఝిఝక్ హోతీ హై." ఆ ఒక్క వాక్యం నాకు చాలా ఏళ్లు పనికొచ్చింది.

ఝిఝక్ అంటే ఒక పని చేయబోతూ వెనక్కి తగ్గడం, మనం జంకు అంటామే, అది. నోటి దాకా వచ్చిన మాట ఆగిపోవడం, తలుపు తట్టబోయిన చెయ్యి గాల్లోనే నిలిచిపోవడం. దీనికి ఎప్పుడూ పక్కన ఒక పని ఉండాలి. "సబ్‌కే సామ్‌నే బోల్‌నే మేఁ ఝిఝక్ హోతీ హై", "ఫోన్ కర్‌నే మేఁ ఝిఝక్ హోతీ హై", "పైసే మాంగ్‌నే మేఁ ఝిఝక్ హోతీ హై". అంటే అందరి ముందు మాట్లాడటానికి, ఫోన్ చేయడానికి, డబ్బు అడగడానికి జంకు. ఇది మనిషిని గురించి కాదు, మనిషికీ ఆ పనికీ మధ్య ఉన్న చిన్న అడ్డు గురించి చెబుతుంది. అందుకే మన గురించి మనం చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి మాట నాకు కనపడలేదు. "నేను బిడియస్తుణ్ణి" అని మనకి మనం ముద్ర వేసుకునే అవసరం లేకుండా, ఏ పని దగ్గర ఇబ్బందో అదొక్కటే చెప్పేస్తాం, ఎదుటివాళ్లకి కూడా ఎక్కడ సాయం చేయాలో తెలుస్తుంది.

హిచక్, హిచకిచాహట్ కూడా దీనికి దగ్గరివే, కాకపోతే వాటిలో బిడియం తక్కువ, తటపటాయింపు ఎక్కువ. సంతకం పెట్టాలా వద్దా అని ఆలోచించేవాడు హిచకిచాతా హై, వాడికి సిగ్గేమీ లేదు. బిడియం చెప్పాలంటే ఝిఝక్, నిర్ణయం దగ్గర ఊగిసలాట చెప్పాలంటే హిచకిచాహట్ అని పెట్టుకుంటే చాలు.

దీంట్లోంచి వచ్చిందే 'బేఝిఝక్'. "బేఝిఝక్ పూఛియే" అంటే "మొహమాటపడకుండా అడగండి". ఇంగ్లీషులో 'డోంట్ బీ షై' అన్నదాన్ని హిందీలో పెద్దవాళ్లతో అనాలంటే "శర్మాఇయే మత్" కంటే ఇదే గౌరవంగా ఉంటుంది.

ఝేంప్

ఈ మాటకి తెలుగులో ఒక్క పదంతో జవాబు దొరకదు. స్నేహితులు ఏదో అని ఆటపట్టించారు, లేదా నలుగురిలో పేరు తప్పుగా పిలిచారు, లేదా ఎవరో చెయ్యి ఊపుతుంటే మనకే అనుకుని మనమూ ఊపాం, తీరా చూస్తే మన వెనకాల ఉన్నవాళ్లకి. అప్పుడు మొహం మీదికి ఒక వెర్రినవ్వు వస్తుంది చూడండి, చెవులు వేడెక్కి, ఆ ఊపిన చెయ్యిని తల దువ్వుకుంటున్నట్టు పైకి పోనిస్తాం. అదే ఝేంప్‌నా. అలా చెయ్యిని తల మీదికి మళ్లించడాన్ని 'ఝేంప్ మిటానా' అంటారు, నగుబాటుని కప్పిపుచ్చుకోవడం అన్నమాట.

ఇంగ్లీషులో దీన్ని షై అనరు, ఎంబరాస్ అంటారు. కానీ అలా తరచూ అయిపోయే మనిషిని ఝేంపూ అంటారు, డిక్షనరీల్లో షైకి ఎదురుగా అది కనిపిస్తుంది, మనం తీసుకుని వాడేస్తాం. వాడకండి, కనీసం కొత్తవాళ్ల మీద. ఝేంపూలో చనువుతో పాటు ఎగతాళి ఉంది. చిన్నప్పటి స్నేహితుణ్ణి అనొచ్చు, నిన్న పరిచయమైనవాళ్లని అనకూడదు. ఝేంప్‌నా క్రియ మాత్రం ఎవరి మీదైనా వాడొచ్చు, "వహ్ ఝేంప్ గయా" అంటే అందులో చిన్నచూపు లేదు.

లాజ్, లజ్జా, హయా గురించి రెండు ముక్కలు

లజ్జా సంస్కృతం, లాజ్ దాని నుంచి అరిగి వచ్చిన రూపం, హయా అరబ్బీ. మూడూ గౌరవంతో, పరువుతో ముడిపడ్డవి. "లాజ్ రఖ్‌నా" అంటే పరువు నిలబెట్టడం. బేహయా అంటే పచ్చి తిట్టు. కవిత్వంలో, పాటల్లో, కథల్లో ఇవి బాగుంటాయి, లజానా అనే క్రియలో ఒక అందం ఉంది. మామూలు సంభాషణలో ఆఫీసు సహోద్యోగికి లజ్జాలు అనే విశేషణం తగిలిస్తే వింతగా ఉంటుంది. అలంకారశాస్త్రం చదివినవాళ్లకి 33 సంచారీ భావాల్లో వ్రీడ, అంటే సిగ్గు, ఒకటని గుర్తుండే ఉంటుంది, హిందీ సాహిత్య విమర్శలో ఆ మాట ఇప్పటికీ కనిపిస్తుంది, బయట కనిపించదు.

ఒక చిన్న మొక్క సంగతి చెప్పి ముందుకెళ్తాను. ముట్టుకుంటే ఆకులు ముడుచుకునే అత్తిపత్తిని హిందీలో లాజవంతీ అంటారు, ఛుఈముఈ అని కూడా అంటారు. 1753లో లినేయస్ పెట్టిన శాస్త్రీయ నామం మిమోసా పుడికా, ఆ పుడికా అన్న లాటిన్ మాటకి కూడా సిగ్గరి అనే అర్థం. చిన్న మాటకే నొచ్చుకునే సుకుమారమైన మనిషిని హిందీలో ఛుఈముఈ అంటారు, మనం ముట్టుకుంటే మాసిపోతారు అన్నట్టు. అది బిడియం కాదు, సున్నితం. షై అన్న చోట వాడితే అర్థం మారిపోతుంది.

మొహమాటానికి హిందీ ఏది?

తెలుగువాళ్లకి నిజంగా కష్టమైన ప్రశ్న ఇది. మన మొహమాటం ఇంగ్లీషు షైలో సరిగ్గా పట్టదు, అయినా మనం షై ఫీలవుతున్నా అనే అంటాం. మొహమాటం అంటే బెరుకు కాదు కదా. బాగా మాట్లాడేవాళ్లకి, కలుపుగోలుగా ఉండేవాళ్లకి కూడా మొహమాటం ఉంటుంది. ఎదుటివాళ్లు ఏమనుకుంటారో అని 'వద్దు' అనలేకపోవడం, కావలసింది అడగలేకపోవడం.

హిందీలో దీన్ని రెండు మూడు ముక్కలుగా చేసుకోవాలి. ఎవరింటికో వెళ్లి కావలసింది అడగకుండా కూర్చునే మొహమాటమైతే తకల్లుఫ్. "తకల్లుఫ్ మత్ కీజియే" అంటే అచ్చం "మొహమాటపడకండి". ఎదుటివాళ్ల వయసుకో, చుట్టరికానికో విలువిచ్చి నోరు మెదపకపోతే లిహాజ్. "ఉన్‌కీ ఉమ్ర్ కా లిహాజ్ కియా" అంటే "ఆయన వయసు చూసి ఊరుకున్నాను". అడగడానికి మనసొప్పకపోతే సంకోచ్. వీటిలో ఏదీ శర్మీలా కాదు. అప్పు తీసుకున్నవాణ్ణి తిరిగి అడగలేక తిరుగుతున్న స్నేహితుడి గురించి "వహ్ శర్మీలా హై" అని చెబితే వినేవాళ్లకి వేరే మనిషి కనిపిస్తాడు. "సంకోచ్ కే మారే మాంగ్ నహీఁ పాతా" అంటే కళ్లకి కట్టినట్టు అర్థమవుతుంది.

పక్కింటి మాటలు, తేడా తెలియకపోతే మనసు నొప్పించేవి

డర్‌పోక్ అంటే పిరికివాడు. ఇంగ్లీషులో 'టిమిడ్' అన్న మాట భయం నుంచి వచ్చింది కాబట్టి దానికి ఇది కొన్నిసార్లు సరిపోతుంది కానీ షైకి ఎప్పుడూ సరిపోదు. దబ్బూ అంటే ఎవరేమన్నా అణిగి ఉండేవాడు, ఇది మనిషి విలువని తగ్గించే మాట. ఘున్నా ఇంకా చెడ్డది, లోపల ఏదో దాచుకుని పైకి చెప్పనివాడని. మాట్లాడని పిల్లవాణ్ణి ఘున్నా అనేయడం నేను స్వయంగా విన్నాను, ఆ పిల్లవాడికి అర్థం తెలిసే వయసు, వాడు తల ఎత్తలేదు. తక్కువ మాట్లాడతాడని మాత్రమే చెప్పాలంటే మనకీ తెలిసిన మితభాషీ ఉంది, లేకపోతే "కమ్ బోల్తా హై" అంటే సరిపోతుంది.

ఇంట్రోవర్ట్‌కి హిందీ అంతర్ముఖీ. మనస్తత్వ శాస్త్రవేత్త యూంగ్ 1921లో వెలువరించిన పుస్తకంతో ప్రచారంలోకి వచ్చిన భావన అది. ఒంటరిగా ఉంటే హాయిగా ఉండే మనిషికి నలుగురిలో భయం ఉండాలని లేదు. అంతర్ముఖీ అయిన మనిషి వేదికెక్కి గంటసేపు తడుముకోకుండా మాట్లాడొచ్చు. శర్మీలాకి ప్రత్యామ్నాయంగా, గొప్పగా వినిపిస్తుందని దీన్ని వాడొద్దు. అలాగే నలుగురి ముందుకి వెళ్లాలంటే గుండె దడ, చెమటలు, రోజుల ముందు నుంచే టెన్షన్, దాని వల్ల చదువో ఉద్యోగమో దెబ్బతింటోంది అంటే అది శర్మ్ కాదు, సంకోచ్ కూడా కాదు. 1980 నుంచీ మానసిక వైద్యుల వర్గీకరణలో సోషల్ ఫోబియా అని విడిగా ఉన్నదే, తర్వాత సోషల్ యాంగ్జైటీ అయింది. హిందీలో కూడా దాన్ని 'సోషల్ యాంగ్జైటీ' అనే చెప్పండి. "శర్మానా ఛోడో, సబ్ ఠీక్ హో జాయేగా" అని తేల్చేస్తే ఆ మనిషి సాయం అడగడం మానేస్తాడు.

ఇంగ్లీషులో ఇంకా కొన్ని ఉన్నాయి. 'బ్యాష్‌ఫుల్' అంటే శర్మీలా బాగా నప్పుతుంది, పిల్లల సిగ్గు లాంటిది. 'డిఫిడెంట్' అంటే తన మీద తనకి నమ్మకం లేకపోవడం, దానికి "ఆత్మవిశ్వాస్ కీ కమీ" అనాలి. 'కోయ్' అంటే సిగ్గు ఒలకబోయడం, నటన పాలు ఉంటుంది, దానికి శర్మీలా రాస్తే నటన పోతుంది. "శర్మానే కా నాటక్" అని విప్పి చెప్పడమే మేలు.

షై ఉంటుంది, సిగ్గు ఉండదు

అనువాదం చేసేవాళ్లు బోర్లా పడేది ఇక్కడే. ఇంగ్లీషులో ఈ మాట సిగ్గుతో సంబంధం లేని చోట కూడా తిరుగుతుంది. బాధ్యత నుంచి 'షై అవే' అవడమంటే హిందీలో కత్‌రానా: "వహ్ జిమ్మేదారీ సే కత్‌రాతా హై", తప్పించుకు తిరుగుతాడని. సెంచరీకి రెండు పరుగులు 'షై' అంటే "శతక్ సే దో రన్ దూర్", మనమూ రెండు పరుగుల దూరంలో అనే అంటాం. 'వర్క్ షై' అంటే హిందీలో కామ్‌చోర్, తెలుగులో పనిదొంగ, రెండు భాషలూ ఒకే దొంగని పట్టుకున్నాయి. ఒకసారి దెబ్బతిన్నవాడు రెండోసారి జంకుతాడనే ఇంగ్లీషు సామెతకి హిందీలో "దూధ్ కా జలా ఛాఛ్ భీ ఫూంక్ ఫూంక్ కర్ పీతా హై" అని ఉంది, పాలతో నోరు కాలినవాడు మజ్జిగని కూడా ఊదుకుని తాగుతాడని. వీటిలో ఎక్కడా శర్మ్ రాకూడదు. వచ్చిందంటే యంత్రం చేసిన అనువాదమని ఇట్టే తెలిసిపోతుంది.

మరి 'షై' అనే అనేస్తే?

అనొచ్చు. "వో థోడా షాయ్ హై" అని హిందీ మాట్లాడే నగరాల కుర్రకారు హాయిగా అంటారు. స్నేహితుల మధ్య ఏం ఇబ్బంది లేదు, పైగా శర్మ్‌లో ఉన్న తప్పు వాసన ఇందులో లేదు, అందుకే చాలామంది దీనివైపు వెళ్తున్నారేమో అనిపిస్తుంది. కానీ ఇంగ్లీషు రాని పెద్దావిడతో, చిన్న పిల్లలతో, రాతలో ఇది పనిచేయదు. అక్కడ పైన చెప్పినవే కావాలి.

నన్ను ఒక్కటే చెప్పమంటే, మీ గురించి మీరు చెప్పుకునేటప్పుడు ఝిఝక్, పెద్దవాళ్ల స్వభావం గురించి చెప్పేటప్పుడు సంకోచీ, పిల్లల గురించి శర్మా రహా హై లేదా శర్మా రహీ హై. శర్మీలా కూడా మంచి మాటే, ప్రేమగా అంటే ఎవరూ నొచ్చుకోరు. అయినా పిల్లల ముందు వీలైనంత వరకు నేను క్రియే వాడతాను. రోజూ "యే తో బహుత్ శర్మీలీ హై" అని వింటూ పెరిగిన పిల్ల, కొత్తవాళ్లు పేరడిగితే తనే ముందుగా "మైఁ శర్మీలీ హూఁ" అని చెప్పి ఊరుకోవడం నేను చూశాను. ఐదేళ్లు కూడా ఉండవు. పేరు చెప్పలేదు, ఆ మాట చెప్పింది.

ఇంటర్వ్యూలోనో, కొత్త టీంలోనో హిందీలో చెప్పుకోవలసి వస్తే ఈ వాక్యం దాచుకోండి: "శురూ మేఁ బోల్‌నే మేఁ థోడీ ఝిఝక్ హోతీ హై, ఘుల్ మిల్ జానే కే బాద్ ఖుల్ కర్ బాత్ కర్‌తీ హూఁ." మొదట్లో మాట్లాడాలంటే కాస్త జంకు, కలిసిపోయాక మనసు విప్పి మాట్లాడతాను అని. మగవాళ్లయితే చివర్లో 'కర్‌తా హూఁ'. ఝిఝక్ స్త్రీలింగం కాబట్టి 'థోడీ ఝిఝక్ హోతీ హై' మాత్రం ఎవరు చెప్పినా మారదు. మా మేనేజర్‌కి నేను మర్నాడు వెళ్లి చెప్పింది దాదాపు ఇదే. ఆవిడ విని, "తో మీటింగ్ సే పహ్‌లే ముఝే బతా దియా కరో, మైఁ తుమ్‌సే పూఛ్ లూంగీ" అన్నారు. మీటింగుకి ముందే నాకు చెబుతూ ఉండు, నేనే నిన్ను అడుగుతాను అని. ఆ వారం నుంచి మీటింగ్‌లో మూడో అంశం దగ్గర నా వైపు తిరిగి పేరు పెట్టి పిలిచేవారు.